ప్రత్యర్థి బతికుంటేనే లీగు

1930 చలికాలంలో ఇంగ్లండు నుంచి ఎంసీసీ క్రికెట్ జట్టు మన దేశానికి రావలసి ఉంది. ఉప్పు సత్యాగ్రహం, శాసనోల్లంఘనలతో దేశం అట్టుడికిపోతుంటే ఆ పర్యటన రద్దయింది. విజయనగరం పూసపాటి వారి చిన్న కుమారుడు, క్రికెట్ లోకం ‘విజ్జీ’ అని పిలుచుకున్న విజయానంద గజపతిరాజు మాత్రం ఊరుకోలేదు. సొంత డబ్బుతో సొంత జట్టు కట్టారు. ఆనాటికి ప్రపంచంలోనే మేటి ఓపెనింగ్ జోడీ అయిన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి ఇండియా, సిలోను అంతా తిప్పారు. కెప్టెన్ ఎవరో వేరే చెప్పక్కర్లేదు. 1936లో ఆయన భారత జట్టుకే కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లారు. తనకన్నా ఎంతో గొప్ప ఆటగాడైన సీకే నాయుడు ఆ జట్టులో ఒక సభ్యుడు. మూడు టెస్టుల్లో రెండు పోయాయి, ఒకటి డ్రా అయింది.

కొత్తవలస స్టేషన్లో పాసింజరు ఎక్కి విజయనగరంలో దిగితే అక్కడ విజ్జీ పేరు మీద స్టేడియం ఇప్పటికీ ఉంది. ఆయన ఆటతీరు మీద క్రికెట్ చరిత్రకారులు వేసినన్ని జోకులు ఇంకెవరి మీదా వేసి ఉండరు. నాకు ఆయన బ్యాటింగ్ సంగతి పట్టదు. ఆయన జట్టు కట్టిన పద్ధతి కావాలి. డబ్బున్నవాడు మంచి ఆటగాళ్లందర్నీ తన వైపు లాక్కుంటే మిగిలినవాళ్లు ఎవరితో ఆడతారు? ఒకవేళ ఆడినా, ఫలితం ముందే తెలిసిన ఆటకు టికెట్ కొని ఎవరొస్తారు? నేడు ప్రపంచంలో నడుస్తున్న ప్రతి వృత్తి క్రీడల లీగూ ఈ ప్రశ్నకు ఒక జవాబే. ఆ జవాబును మొదట కష్టపడి కనిపెట్టినవాళ్లు అమెరికా బేస్‌బాల్ వ్యాపారులు.

వాళ్లకు ఈ తలనొప్పి విజ్జీకంటే అర్ధ శతాబ్దం ముందే వచ్చింది. 1871లో అక్కడ మొదటి వృత్తి బేస్‌బాల్ సంఘం పుట్టింది. పది డాలర్లు కడితే ఎవరైనా చేరవచ్చు. బోస్టన్ రెడ్ స్టాకింగ్స్ అనే జట్టు మంచివాళ్లందర్నీ పోగేసి 1872 నుంచి వరుసగా నాలుగేళ్లు కప్పు ఎగరేసుకుపోయింది. 1875లో ఆ జట్టు 71 గెలిచి 8 మాత్రమే ఓడింది. చిన్న జట్లు సీజన్ మధ్యలోనే చేతులెత్తేసి ఇళ్లకు పోయాయి. ఓడిపోవడానికి రైలు టికెట్టు పెట్టుకుని దూరం ఎందుకెళ్లాలి మరి!

చికాగో జట్టు నడుపుతున్న విలియం హల్బర్ట్ ముందు బోస్టన్ నుంచి నలుగురు మేటి ఆటగాళ్లను గుట్టుగా లాగేశాడు. ఆ తర్వాత, ఇలా లాక్కునే పద్ధతే ఉండకూడదన్నట్టు, 1876 ఫిబ్రవరిలో ఎనిమిది జట్లతో నేషనల్ లీగ్ పెట్టాడు. ఊరికి ఒకటే జట్టు. ఊరి జనాభా కనీసం 75 వేలు ఉండాలి. ఒప్పుకున్న ఆటలన్నీ ఆడి తీరాలి. ఆ ఏడాది చివర్లో న్యూయార్క్, ఫిలడెల్ఫియా జట్లు డబ్బు గిట్టదని పడమటి ఊళ్లకు ప్రయాణం ఎగ్గొట్టాయి. హల్బర్ట్ రెండిటినీ లీగు నుంచి గెంటేశాడు. దేశంలో రెండు అతిపెద్ద నగరాలు లేకుండానే కొన్నేళ్లు లీగు నడిచింది. నియమానికి విలువ వచ్చింది ఆ రోజే. 1901లో అమెరికన్ లీగ్ పోటీకి దిగింది. రెండూ కొట్టుకుని, 1903లో రాజీపడి, విజేతల మధ్య వరల్డ్ సిరీస్ మొదలుపెట్టాయి. మేజర్ లీగ్ బేస్‌బాల్ అంటే ఆ రాజీయే.

ఇప్పుడందులో 30 జట్లున్నాయి, 29 అమెరికావి, ఒకటి కెనడాలోని టొరంటోది. లీగుకు పదిహేను చొప్పున రెండు లీగులు, ఒక్కో లీగులో ఐదేసి జట్లతో మూడు డివిజన్లు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా ఒక్కో జట్టు 162 ఆటలాడుతుంది. దాదాపు రోజూ ఆటే. పన్నెండు జట్లు ప్లేఆఫ్స్‌కు వెళతాయి. చివర ఏడు ఆటల వరల్డ్ సిరీస్, నాలుగు గెలిచినవాడిదే కప్పు.

వీటన్నిటి మీదా కమిషనర్ అనే పెద్ద ఒకడుంటాడు. ఆ కుర్చీ పుట్టిందే ఒక కుంభకోణంలోంచి. 1919 వరల్డ్ సిరీస్‌లో చికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లు ఎనిమిది మంది జూదగాళ్లతో కుమ్మక్కయ్యారన్న అభియోగం వచ్చింది. జనం నమ్మకం పోతే దుకాణం మూసుకోవాల్సిందేనని యజమానులకు అర్థమై, కెనెసా మౌంటెన్ లాండిస్ అనే ఫెడరల్ జడ్జిని తెచ్చి సర్వాధికారాలిచ్చారు. 1921లో కోర్టు జ్యూరీ వాళ్లలో విచారణకు వచ్చినవాళ్లందర్నీ నిర్దోషులంది. మర్నాడే లాండిస్ ఎనిమిది మందినీ జీవితాంతం బహిష్కరించాడు.

మన ఐపీఎల్‌కూ అలాంటి గడ్డుకాలం వచ్చింది. 2013 స్పాట్ ఫిక్సింగ్ వ్యవహారం తర్వాత జస్టిస్ లోధా కమిటీ ఉత్తర్వుతో చెన్నై, రాజస్థాన్ జట్లు రెండేళ్లు ఆటకు దూరమయ్యాయి. వాటి బదులు వచ్చినవాటిలో పుణె జట్టు ఒకటి. 2016 వేసవిలో మహారాష్ట్రలో తాగునీటికి కటకటగా ఉంటే పిచ్‌లకు నీళ్లేమిటని బొంబాయి హైకోర్టు ఆ రాష్ట్రంలో ఏప్రిల్ 30 తర్వాతి మ్యాచ్‌లను బయటికి పంపేసింది. పుణె, ముంబయి రెండూ విశాఖ పీఎం పాలెం స్టేడియాన్నే సొంతగడ్డగా ఎంచుకున్నాయి. కొత్తవలస నుంచి, పెందుర్తి నుంచి బండ్లేసుకుని వెళ్లిన కుర్రాళ్లు మే 21న ఆఖరి ఓవర్లో 23 పరుగులు కావలసి ఉంటే ధోనీ బాది పుణెను గెలిపించడం కళ్లారా చూశారు. ఒక ఫిక్సింగ్ కేసు, మరాఠ్వాడాలో కరువు, ఈ రెండూ కలిస్తేనే మనకా ఆట దక్కింది.

విశాఖ ఐపీఎల్‌లో ఎప్పుడూ అద్దె ఇల్లే. దక్కన్ చార్జర్స్, సన్‌రైజర్స్, ఇటీవల 2024, 2025లలో ఢిల్లీ క్యాపిటల్స్ అందరూ అక్కడ ‘హోమ్’ మ్యాచ్‌లు ఆడారు. సొంత జట్టు మాత్రం లేదు. ఇంత స్టేడియం, ఇంత జనం ఉన్నా ఎందుకు లేదంటే, లీగులో చేరడం దుకాణం తెరిచినంత తేలిక కాదు గనక. సీట్ల సంఖ్యను లోపలున్నవాళ్లే కట్టడి చేస్తారు. బేస్‌బాల్‌లో కొత్త జట్టు రావాలంటే ఉన్న యజమానుల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. ఐపీఎల్‌లో ఆ తాళం చెవి బీసీసీఐ దగ్గరుంటుంది. అసలు తేడా ఇక్కడే ఉంది. అమెరికాలో జట్ల యజమానులంతా కలిస్తే లీగు, కమిషనర్ వాళ్లు పెట్టుకున్న మనిషి. మన దగ్గర లీగు ముందు, జట్లు తర్వాత. 2009లో కప్పు గెలిచిన దక్కన్ చార్జర్స్‌నే 2012లో బీసీసీఐ రద్దు చేసేసింది. హైదరాబాద్ హక్కును ఏడాదికి 85.05 కోట్ల చొప్పున సన్ టీవీ పాడుకుంది. కబడ్డీలోనూ అంతే. 2014లో ఆనంద్ మహీంద్రా, చారు శర్మలు మషాల్ స్పోర్ట్స్ పేరుతో ప్రో కబడ్డీ మొదలుపెడితే మరుసటి ఏడాదే స్టార్ ఇండియా అందులో 74 శాతం వాటా కొంది. ఆటను ప్రసారం చేసేవాడే ఆటకు యజమాని అన్నమాట.

ఈ వ్యాపారం తక్కిన వ్యాపారాల్లాంటిది కాదని ఆర్థికశాస్త్రం ఆలస్యంగా గుర్తించింది. 1956లో సైమన్ రాటెన్‌బర్గ్ బేస్‌బాల్ ఆటగాళ్ల మార్కెట్ మీద రాసిన వ్యాసంలో, ఎవరు గెలుస్తారో తెలియకపోవడమే ఇక్కడ అమ్ముడుపోయే సరుకని తేల్చాడు. 1964లో వాల్టర్ నీల్ దాన్నే ఇంకాస్త కొంటెగా చెప్పాడు. బాక్సర్ జో లూయీ తన ప్రత్యర్థులందరూ బలహీనులు కావాలని కోరుకుంటే ఆయనకే నష్టం, మాక్స్ ష్మెలింగ్ లాంటి గట్టివాడు ఎదురుంటేనే డబ్బు. పచారీ కొట్టువాడు ఎదుటి కొట్టు మూతపడితే సంబరపడతాడు. లీగులో ఎదుటి కొట్టు మూతపడిన రోజు మన కొట్టూ మూతే.

ఇక ఎవరితో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ఆడాలన్నది తేల్చాలి. చూడ్డానికి గుమస్తా పని, నిజానికి లెక్కల పని. సంక్రాంతికి మన ఊళ్లలో పెట్టే పోటీలు నాకౌట్లు. ఆరు జట్లయితే ఐదు ఆటల్లో తేలిపోతుంది, ఎందుకంటే ప్రతి ఆటా ఒక జట్టును ఇంటికి పంపుతుంది. అవే ఆరు జట్లకు లీగు పెడితే పదిహేను ఆటలు. కొత్తవలస, ఎస్.కోట, ఎల్.కోట పైవరసలో, వాటి కింద పెందుర్తి, జామి, వేపాడ రాయండి. పైకీ కిందకీ జోడీలు కడితే మొదటి రోజు ఆటలు వచ్చేశాయి: కొత్తవలసకు పెందుర్తి, ఎస్.కోటకు జామి, ఎల్.కోటకు వేపాడ. ఇప్పుడు కొత్తవలసను ఉన్నచోటే ఉంచి మిగతా ఐదింటినీ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో గడి జరపండి. పైన కొత్తవలస, పెందుర్తి, ఎస్.కోట, కింద జామి, వేపాడ, ఎల్.కోట అవుతాయి. రెండో రోజు కొత్తవలస జామితో, పెందుర్తి వేపాడతో, ఎస్.కోట ఎల్.కోటతో ఆడతాయి. ఇలా ఐదు రోజులు తిప్పితే ఏ జోడీ రెండోసారి రాదు, ఏ జోడీ తప్పిపోదు. కాగితం మీద పెన్సిల్‌తో చేసి చూడండి, పిల్లలకైతే మరీ సరదా. జట్లు ఐదే ఉంటే ఆరో గడిలో ‘విశ్రాంతి’ అని రాసుకుంటే చాలు.

ఈ చక్రం తిప్పడం ఐదో తరగతి పిల్లాడికైనా వస్తుంది. చిక్కంతా తర్వాతే. సొంతగడ్డ ఆటలు వరసగా మరీ ఎక్కువ రాకూడదు. ఇవాళ అర్ధరాత్రి దాకా ఆడినవాణ్ణి రేపు మధ్యాహ్నం రెండువేల కిలోమీటర్ల అవతల దింపకూడదు. మైదానం వేరే పనికి కుదిరి ఉండకూడదు. 2024లో ఢిల్లీ మైదానంలో అంతకు ముందే మహిళల లీగు ఆటలు జరిగి పిచ్‌లు అలసిపోవడం వల్లే క్యాపిటల్స్ తొలి హోమ్ ఆటలకు విశాఖ వచ్చింది. ఆ ఏడాదే లోక్‌సభ ఎన్నికల తేదీల కోసం ఆగి ఐపీఎల్ షెడ్యూలును రెండు ముక్కలుగా విడుదల చేశారు. బేస్‌బాల్‌కు 30 జట్లు, 162 ఆటలు కలిపితే 2,430 మ్యాచ్‌లు. అలాంటి కొండను 1980ల తొలినాళ్ల నుంచి 2004 దాకా తయారుచేసింది హెన్రీ, హాలీ స్టీవెన్సన్ అనే భార్యాభర్తలు, న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్‌లోని తమ ఇంట్లో కూర్చుని.

అన్ని ఆటలు ఎందుకు, పద్నాలుగు సరిపోవా అంటే మళ్లీ లెక్కల్లోకే వెళ్లాలి. ఐపీఎల్‌లో పది జట్లు, జట్టుకు 14 ఆటలు. పది జట్లూ అచ్చం సమానమైనవని, ప్రతి ఆటా బొమ్మ బొరుసేనని అనుకుందాం. అప్పుడు ఒక జట్టు తొమ్మిది లేదా అంతకన్నా ఎక్కువ గెలవడానికి అవకాశం 21 శాతం. నాలుగు లేదా అంతకన్నా తక్కువకు పడిపోవడానికి 9 శాతం. అంటే ఎవరిలోనూ ఏ గొప్పా లేకపోయినా, పట్టిక పైన ఇద్దరు మొనగాళ్లు, అడుగున ఒక దద్దమ్మ తయారవుతారు. టీవీలో నిపుణులు ఆ మొనగాళ్ల వ్యూహాన్నీ, దద్దమ్మ నాయకత్వ లోపాన్నీ గంటల తరబడి విశ్లేషిస్తారు. అదే నిష్పత్తిలో గెలవాలంటే బేస్‌బాల్‌లో 162కు 104 కావాలి. వట్టి నాణెం ఎగరేసి అన్ని తెచ్చుకోవడం పదివేల సార్లకు రెండు సార్లు జరిగే పని. ఆటల సంఖ్య పెరిగేకొద్దీ అదృష్టం కరిగి సత్తా తేలుతుంది. బేస్‌బాల్‌లో ఒక్క రోజు ఆటకు అదృష్టం పాలు ఎక్కువ. అద్భుతమైన జట్టు కూడా పదింట నాలుగు ఓడుతుంది. అందుకే దానికి అంత పొడవాటి సీజన్ కావాలి. పైగా బంతి విసిరే పిచ్చర్ భుజానికి నాలుగైదు రోజుల విశ్రాంతి తప్పనిసరి. అందుచేత ఒక ఊరెళితే మూడు, నాలుగు రోజులు అక్కడే ఉండి వేర్వేరు పిచ్చర్లతో సిరీస్‌గా ఆడతారు.

ఈ లెక్కను మన తెలుగు టైటాన్స్ మీదికి తిప్పితే కాస్త నొప్పిగానే ఉంటుంది. ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్లో ఆ జట్టు 22 ఆటల్లో ఒక్కటి గెలిచింది. తొమ్మిదిలో రెండు, పదిలో రెండు. మూడుసార్లూ పన్నెండింట పన్నెండో స్థానం. నాణెం ఎగరేసినా 22లో రెండు లేదా అంతకన్నా తక్కువ రావడం లక్షకు ఆరు సార్లే. కాబట్టి కాలం కలిసిరాలేదని సరిపెట్టుకోవడానికి లేదు. పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు, అప్పటికి లీగులో రికార్డు ధరకు, కొన్నారు. వేలంలో జట్టు ఖర్చు పెట్టగల పర్సు మొత్తమే ఐదు కోట్లు. సగానికి పైగా ఒక్క రైడర్ మీద పోతే కవర్, కార్నర్ డిఫెన్స్‌కు మిగిలేదెంత? రైడర్ పాయింట్లు తెస్తూనే ఉన్నాడు, వెనక గోడ కూలుతూనే ఉంది. ఏడుగురి ఆటలో ఒక్కడి మీద పందెం కాయకూడదన్నది మన ఊరి కబడ్డీ పెద్దలెవర్నడిగినా చెబుతారు.

మూడేళ్లు అట్టడుగున ఉన్నా టైటాన్స్ ఎక్కడికీ పోలేదు. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో అయితే అడుగున ఉన్న మూడు జట్లను కింది డివిజన్‌కు దించేస్తారు. అమెరికా పద్ధతిలో లీగు తలుపులు మూసే ఉంటాయి, లోపలివాడు లోపలే. 2024లో వైట్ సాక్స్ 121 ఆటలు ఓడి ఆధునిక బేస్‌బాల్‌లో చెత్త రికార్డు సృష్టించింది. మరుసటి ఏడాది మళ్లీ అదే లీగులో అదే కుర్చీలో కూర్చుంది. అభిమానికి ఇది అన్యాయంగా తోచవచ్చు. నాక్కూడా కొంత అలాగే ఉంటుంది. కానీ దించేస్తారన్న భయముంటే కోట్లు పోసి జట్టు కొనేవాడు రాడు. టైటాన్స్ విషయంలో ఆ ఓపిక ఫలించింది కూడా. పదకొండో సీజన్లో ఏడో స్థానానికి లేచింది. 2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ విశాఖలోనే మొదలైంది. ఏడేళ్ల తర్వాత సొంత సముద్రతీరానికి వచ్చి, తొలి ఆటలో తమిళ్ తలైవాస్ చేతిలో 35-38తో ఓడింది.

బలవంతుడి చెయ్యి కట్టేసే పద్ధతి ఒక్కో లీగుకు ఒక్కోటి. మన వాళ్లది పర్సు: ఐపీఎల్‌లో 2025 మెగా వేలానికి జట్టుకు 120 కోట్లు. అంబానీ అయినా ఆ గీత దాటలేడు. 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కులు అమ్మితే 48,390 కోట్లు వచ్చాయి. అందులో జట్ల వాటాను దాదాపు సమానంగా పంచుతారు గనక ఆఖరి స్థానంలో ఉన్నవాడికీ ఆకలి ఉండదు. బేస్‌బాల్‌లో అలాంటి గట్టి గీత లేదు. స్థానికంగా వచ్చే ఆదాయంలో 48 శాతం ఉమ్మడి కుండలో వేసి సమంగా పంచుకుంటారు. జీతాల మొత్తం ఒక హద్దు దాటితే విలాస పన్ను కడతారు. 2025లో ఆ హద్దు 24.1 కోట్ల డాలర్లు. లాస్ ఏంజిల్స్ డాడ్జర్స్ నవ్వుతూ పన్ను కట్టేసి హద్దు దాటుతుంది. షోహెయ్ ఒతానీతో 2023 డిసెంబరులో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని, అందులో 68 కోట్లు ఆ పదేళ్లూ అయ్యాక ఇస్తామని రాసుకుంది. విజ్జీ ఆత్మ ఎక్కడైనా తిరుగుతుంటే అది లాస్ ఏంజిల్స్‌లోనే.

జట్లను సమానం చేసే ఈ ఏర్పాట్లకు మూల్యం కట్టేది చాలావరకు ఆటగాడు. 1879లో బేస్‌బాల్ యజమానులు జట్టుకు ఐదుగురు చొప్పున ఆటగాళ్లను ఎవరూ ముట్టుకోకూడదని రహస్యంగా ఒప్పుకున్నారు. ఆ ‘రిజర్వ్’ షరతు తర్వాత అందరికీ పాకింది. ఒకసారి సంతకం పెడితే జీవితాంతం ఆ జట్టు సొత్తే. 1922లో అమెరికా సుప్రీంకోర్టు బేస్‌బాల్ అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదని చెప్పి, గుత్తాధిపత్య నిరోధక చట్టం దాని జోలికి రాకుండా చేసింది. 1969లో కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాణ్ణి సెయింట్ లూయిస్ నుంచి ఫిలడెల్ఫియాకు మార్చేస్తే, నేను కొని అమ్మే వస్తువును కానని కమిషనర్‌కు ఉత్తరం రాసి కోర్టుకెక్కాడు. 1972లో ఓడిపోయాడు. అప్పటికే ఆట జీవితమూ ముగిసింది. 1975లో పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఇద్దరు పిచ్చర్ల కేసులో ఇచ్చిన తీర్పు ఆ షరతును పగలగొట్టింది. ఉక్కు కార్మిక సంఘం నుంచి వచ్చిన మార్విన్ మిల్లర్ అప్పటికే ఆటగాళ్ల యూనియన్‌ను గట్టి పునాది మీద నిలబెట్టాడు. ఇప్పుడు ఆరేళ్లు ఆడిన ఆటగాడు నచ్చిన జట్టుతో బేరమాడుకోవచ్చు. విలాస పన్ను, కుండ వాటా, ఆటల సంఖ్య అన్నీ యూనియన్‌తో కూర్చుని రాసుకున్న ఒప్పందంలోవే. బేరం తెగకపోతే ఆట ఆగుతుంది. 1994 సమ్మెలో వరల్డ్ సిరీసే జరగలేదు. ఇప్పటి ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది.

మన లీగులు అమెరికా నుంచి మూసిన తలుపులు తెచ్చుకున్నాయి, ఉమ్మడి కుండ తెచ్చుకున్నాయి. యూనియన్‌ను మాత్రం తెచ్చుకోలేదు. గాజువాక కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 2023లో సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకుంది. 2024లో ఆంధ్రా ప్రీమియర్ లీగ్ వేలంలో గోదావరి టైటాన్స్ 15.6 లక్షలకు పాడుకుంది. అదే ఏడాది ఐపీఎల్‌లో మెరిసేసరికి 2025కు సన్‌రైజర్స్ 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. కథ సుఖాంతమే. అయితే వేలంలో సుత్తి ఎవరి దగ్గర పడితే వాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే తప్ప ఆటగాడికి ఊరు ఎంచుకునే వీల్లేదు. 2019లో ఏర్పడ్డ భారత క్రికెటర్ల సంఘం రిటైరైనవాళ్లది. ప్రస్తుతం ఆడుతున్నవాళ్ల తరఫున బీసీసీఐ ఎదుట కూర్చుని బేరమాడేవాళ్లు లేరు.

పైమెట్టు మీద కోట్లు పలుకుతున్నప్పుడు ఇది పెద్ద లోటుగా కనిపించదు. కింది మెట్లు చూడాలి. బేస్‌బాల్‌కు నాలుగు అంచెల్లో 120 చిన్న జట్లున్నాయి. పెద్ద జట్లకు అవే నారుమళ్లు. అక్కడి కుర్రాళ్లు దశాబ్దాలపాటు బస్సుల్లో తిరుగుతూ, ఒకే గదిలో నలుగురైదుగురు పడుకుంటూ అరకొర జీతానికి ఆడారు. 2022లో వాళ్లు పెద్దల యూనియన్‌లోనే చేరారు. 2023 తొలి ఒప్పందంతో ట్రిపుల్-ఏ అంచె ఆటగాడి కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్ల నుంచి 35,800 డాలర్లకు పెరిగింది. ఇళ్ల వసతి ఖర్చు జట్లే భరిస్తున్నాయి. ప్రో కబడ్డీ వేలంలో అట్టడుగు కేటగిరీ ఆటగాడి ప్రారంభ ధర 9 లక్షలు. ఆ సొమ్ము రెండు మూడు నెలల సీజన్‌కు, మోకాళ్లు బాగున్నన్నాళ్లకు. ఆ 9 లక్షలు 10 కావాలో 12 కావాలో తేల్చే బల్ల దగ్గర ఆటగాడికి ఇంకా కుర్చీ వెయ్యలేదు.